తొందరేం లేదు చెల్లీ

ముందు ఆ టీ తాగు, చల్లారిపోతోంది. తర్వాత మాట్లాడుకుందాం.

ఎనిమిది నెలలుగా కథోలిక గుడికి వెళ్తున్నానన్నావు. చివరి బెంచీలో, గోడ పక్కన కూర్చుంటానన్నావు. అందరూ లేస్తే లేస్తావు, మోకరిస్తే మోకరిస్తావు. దివ్యసత్ప్రసాదానికి అందరూ వరుస కట్టాక బెంచీ అంతా ఖాళీ అయిపోయి నువ్వొక్కదానివే మిగిలిపోతావు. ఎవరైనా చూస్తున్నారేమోనని తల వంచుకుంటావు. "నేనూ వాళ్ళలో ఒకదాన్ని కావాలంటే ఎవర్ని అడగాలక్కా? అడిగితే ఏమనుకుంటారు?" అన్నావు కదా, ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

ఎందుకంటే నేను ఇప్పటికి ముగ్గురికి జ్ఞానతల్లిగా, అంటే గాడ్‌మదర్‌గా, నిలబడ్డాను. ముగ్గురూ మొదట ఆ చివరి బెంచీలోనే కూర్చున్నారు. ముగ్గురూ నన్ను అడిగిన మొదటి ప్రశ్న దేవుడి గురించి కాదు, "నన్ను తప్పుగా అనుకోరు కదా" అనే. మనం ఆడపిల్లలం ఎక్కడికెళ్ళినా ముందు అదే చూసుకుంటాం, ఏం చేస్తాం!

ఎవరూ ఏమీ అనుకోరు. ఆ బెంచీలో కూర్చుని ఉండిపోవడం తప్పూ కాదు, లోటూ కాదు. ఆ సమయంలో కళ్ళు మూసుకుని నీ మనసులో మాట చెప్పుకో, చాలు. ఆదివారం పూజ అయ్యాక విచారణ గురువు దగ్గరికి వెళ్ళి, "ఫాదర్, నాకు కథోలిక విశ్వాసం గురించి తెలుసుకోవాలని ఉంది" అను. చేరతానని చెప్పక్కర్లేదు. తెలుసుకోవాలని ఉందంటే చాలు. ఆయన నిన్ను విశ్వాసం నేర్పే ఉపదేశిగారికో, సిస్టర్లకో అప్పగిస్తారు. మొదట్లో అంతా ప్రశ్నలు అడగడం, జవాబులు వినడం, అంతే. ఏ కాగితం మీదా సంతకం ఉండదు. నచ్చకపోతే మానేయొచ్చు. ఎవరినీ వారి అంతరాత్మకి వ్యతిరేకంగా విశ్వాసంలోకి లాగకూడదని కథోలిక శ్రీసభ చట్టమే చెబుతుంది. కాబట్టి నిన్ను తొందరపెట్టే హక్కు ఎవరికీ లేదు. నీకు నువ్వే తొందరపెట్టుకుంటే మాత్రం నేనొప్పుకోను.

"ఇంత కాలం ఎందుకు పడుతుందక్కా? పక్కింటామె ఇంకో సంఘంలో వారంలో బాప్తిస్మం తీసుకుంది" అంటావేమో. కథోలికుల దగ్గర జ్ఞానస్నానం (బాప్తిస్మం) దాకా రావడానికి నెలలు పడుతుంది. కొన్నిచోట్ల ఏడాది పైనే పడుతుంది. తొలి శతాబ్దాల క్రైస్తవులు పెద్దవాళ్ళని ఇలాగే మెల్లగా, మెట్టు మెట్టుగా చేర్చుకునేవారు. తర్వాత అందరూ పసివాళ్ళప్పుడే జ్ఞానస్నానం పొందడం మొదలయ్యాక ఆ పద్ధతి మరుగున పడిపోయింది. రెండో వాటికన్ మహాసభ 1963లో దాన్ని మళ్ళీ తెమ్మంది, 1972లో రోము నుంచి ఆ విధుల పుస్తకం వచ్చింది. అమెరికాలో ఉన్న మన పిల్లలు "ఆర్‌సీఐఏ" అని చెప్పేది దీన్నే. ఇప్పుడక్కడ పేరు కొంచెం మార్చి "ఓసీఐఏ" అంటున్నారు. డాలస్‌లో ఉన్నా, ఏలూరులో ఉన్నా నడిచే దారి ఒకటే. ముందు విచారించడం, తర్వాత గుడి గుమ్మం దగ్గర స్వాగతం అందుకుని శిక్షణలో చేరడం, తపస్సు కాలంలో (లెంట్‌లో) మనసుని సిద్ధం చేసుకోవడం, పాస్క (ఈస్టర్) రాత్రి జ్ఞానస్నానం, ఆ తర్వాత కొన్ని వారాల తోడ్పాటు.

పునీత అగస్టీను అంతటి మేధావి 387లో మిలాను నగరంలో పాస్క జాగరణ నాడు జ్ఞానస్నానం పొందేనాటికి ఆయనకి 32 ఏళ్ళు. చిన్నప్పుడే ఆయన పేరు శిక్షణార్థుల్లో చేర్చారు. అక్కడి నుంచి నీటి తొట్టి దగ్గరికి రావడానికి అన్నేళ్ళు పట్టింది. నీ ఎనిమిది నెలలు ఏపాటి చెప్పు?

ఇప్పుడు ఒక మాట సూటిగా అడుగుతాను, నొచ్చుకోకు. ఇదంతా పెళ్ళి కోసమా?

అవునంటే కాస్త ఆగు. అబ్బాయి కథోలికుడు, వాళ్ళింట్లో "అమ్మాయి జ్ఞానస్నానం తీసుకుంటేనే" అంటున్నారనుకుందాం. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. జ్ఞానస్నానం పొందని అమ్మాయిని కథోలికుడు గుడిలో పెళ్ళి చేసుకోవచ్చు. దానికి బిషప్ గారి అనుమతి కావాలి. అబ్బాయి తన విశ్వాసం వదలనని, పిల్లల్ని కథోలికులుగా పెంచడానికి తనకి చేతనైనంత చేస్తానని మాట ఇవ్వాలి. ఆ మాట ఇచ్చాడని నీకూ తెలియాలి. అంతే, నువ్వు మారాలన్న షరతు లేదు. కాబట్టి ముహూర్తం దగ్గర పడిందని నీళ్ళు పోయించుకోకు తల్లీ. ముందు పెళ్ళి కానీ. ఆ తర్వాత నీ మనసు అటు మొగ్గితే, అప్పుడు నీ కోసం నువ్వు నడిచి వెళ్ళు. అత్తగారి కోసం తీసుకున్న విశ్వాసం అత్తగారి మీద కోపం వచ్చిన రోజున కరిగిపోతుంది. నేను చూశాను.

పెళ్ళి సంగతి ఇంకో రకంగానూ ముందు చెప్పుకోవాలి. నీకు గానీ, పెళ్ళైనదానివైతే నీ భర్తకి గానీ ఇంతకుముందు పెళ్ళై విడిపోవడం లాంటిది ఉంటే అది ఫాదర్ గారికి మొదటి నెలలోనే చెప్పేయి. దాన్ని సరిచూసుకోవడానికి శ్రీసభకి వేరే పద్ధతులున్నాయి, వాటికి సమయం పడుతుంది. సిగ్గుపడి చివరిదాకా దాచి, పాస్కకి పది రోజుల ముందు చెప్పి, ఆగిపోయి ఏడ్చినవాళ్ళున్నారు. భర్త హిందువుగానే ఉంటానంటే మాత్రం బెంగపడకు. మీ కాపురం కాపురమే. నీ జ్ఞానస్నానంతో అది చెల్లకుండా పోదు.

చిన్నప్పుడే లూథరన్ గుడిలోనో, సీఎస్ఐలోనో బాప్తిస్మం అయినవాళ్ళకి వేరే భయం. "మళ్ళీ మునగాలా?" అని. అక్కర్లేదు. నీటితో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో జరిగిన జ్ఞానస్నానాన్ని శ్రీసభ గౌరవిస్తుంది, రెండోసారి ఇవ్వదు. అక్కడ "పరిశుద్ధాత్మ" అంటారు, ఇక్కడ "పవిత్రాత్మ" అంటారు, అంతే తేడా! ఆ సర్టిఫికెట్ కోసం ఇప్పుడే పాత సంఘానికి వెళ్ళి అడుగు. కాగితం దొరక్కపోతే ఆ రోజు అక్కడున్న పెద్దవాళ్ళ సాక్ష్యం ఉపయోగపడుతుంది. ఇలా ముందే బాప్తిస్మం అయినవాళ్ళు పాపసంకీర్తనం (కన్ఫెషన్) చేసి, అందరి ముందూ విశ్వాసాన్ని ప్రకటించి, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్), సత్ప్రసాదం అందుకుంటారు. ఇంట్లో ఉన్న బైబిల్లో 66 పుస్తకాలుంటాయి, కథోలిక బైబిల్లో 73. ఆ ఒక్కటి కొత్తది కొనుక్కో.

చదువు సంగతి? "నాకు జ్ఞాపకం ఉండదక్కా, పరీక్ష పెడతారా?" అని ఒకామె వణికిపోయింది. అంగన్‌వాడీలో ముప్పై మంది పిల్లల పేర్లు, వాళ్ళ బరువులు, టీకాల తేదీలు నోటికి చెప్పే మనిషి ఆమె! పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం. మొదట ఈ మూడు. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి వంటింట్లో, పొయ్యి గోడ మీద అంటించు. పాలు పొంగేలోపు ఒకటి చదువుకో. ఆమె అలాగే చేసింది, మూడు వారాల్లో వచ్చేశాయి. మిగతాది బట్టీ కొట్టే చదువు కాదు. త్రిత్వం అంటే ఏమిటి, సత్ప్రసాదంలో నిజంగా ఎవరున్నారు, మరియమాతను మనం ఆరాధిస్తామా, గౌరవిస్తామా, ఇలాంటివి అడిగి తెలుసుకోవాలి. అర్థం కానిదాన్ని "అర్థమైంది" అనకు. అదొక్కటే నా కండిషన్.

ఇక అసలు సంగతికి వద్దాం. నువ్వు దీని గురించి రెండుసార్లు మాట ఎత్తి రెండుసార్లూ ఆపేశావు. అమ్మ.

అమ్మకి ఎలా చెప్పాలి? చెబితే గుండె పగిలిపోతుందేమో, చెప్పకపోతే మోసం చేసినట్టుంటుందేమో, అని రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదు కదూ. ఆ బాధ చిన్నది కాదు. దాన్ని నేను తేలిగ్గా తీసెయ్యను.

ఎడిత్ స్టైన్ అని ఒక జర్మను యూదు అమ్మాయి ఉండేది. గొప్ప తత్త్వశాస్త్ర పండితురాలు. 1922 జనవరి 1న, ముప్పయ్యో ఏట జ్ఞానస్నానం పొందింది. తల్లి అంటే ప్రాణం. తల్లి యూదు ఆచారాలు తూచా తప్పని మనిషి. ఎడిత్ ఆమెకి ఉత్తరం రాయలేదు, ఎవరిచేతా కబురు చేయలేదు. ఇంటికి వెళ్ళి, ఎదురుగా నిలబడి చెప్పింది. ఎప్పుడూ కంటతడి పెట్టని ఆ తల్లి ఏడ్చేసింది. ఎడిత్ అక్కడి నుంచి పారిపోలేదు. ఆ ఇంట్లో ఉండి, తల్లితో పాటు వాళ్ళ ప్రార్థనా మందిరానికి తోడు వెళ్ళింది. ఆమే తర్వాత నాజీల ఆష్‌విట్జ్ శిబిరంలో ప్రాణాలు కోల్పోయింది, 1998లో పునీతురాలైంది. ఆ కథలో నన్ను పట్టుకునేది చివరి గొప్పతనం కాదు, తల్లి పక్కన నడుచుకుంటూ వెళ్ళిన ఆ రోజే.

అందుకని నా సలహా ఇది. అమ్మకి నీ నోటితోనే చెప్పు, ఎదురుగా కూర్చుని చెప్పు. ఫోన్లో వద్దు, వాట్సాప్‌లో అసలే వద్దు. పండగ రోజునా, చుట్టాలున్నప్పుడూ వద్దు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆమె నడుం వాల్చే వేళ పక్కన చేరు. జ్ఞానస్నానం తేదీ ఖాయమయ్యాక కాదు, నీలో ఆలోచన మొదలైనప్పుడే చెప్పు. అప్పుడైతే ఆమెకి ఆలోచించుకోవడానికి నీకున్నంత సమయం ఉంటుంది. "నీ దగ్గర నేర్చుకున్న భక్తే నన్ను ఇక్కడికి తెచ్చిందమ్మా" అనగలిగితే అను. అది నిజమైతేనే అను. ఆమె ఏడిస్తే ఏడవనీ. వాదించకు. ఆమె దేవుళ్ళ గురించి ఒక్క తక్కువ మాట నీ నోట రాకూడదు, ఆ రోజే కాదు, ఎప్పుడూ.

అమ్మలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. "బొట్టు తీసేస్తావా?" తీసేయమని శ్రీసభ ఎక్కడా చెప్పలేదు. గుంటూరు జిల్లాలో కథోలిక అమ్మమ్మలు కుంకుమ బొట్టుతో, తలలో పూలతో పూజకి రావడం నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. మన కథోలిక పెళ్ళిళ్ళలో తాళి కడతారు, దాని మీద సిలువ గుర్తుంటుంది, అంతే. "పేరు మార్చుకుంటావా?" ఇష్టమైతే ఒక పునీతుల పేరు జ్ఞానస్నానపు పేరుగా ఎంచుకో, కానీ అమ్మ పెట్టిన పేరు తీసెయ్యాల్సిన పని లేదు. ఆధార్‌లో, పాసు పుస్తకంలో ఉన్న పేరే ఉంచుకుంటే నీకూ సుఖం. "హారతి, దీపం అన్నీ వదిలేస్తావా?" అంటే అమ్మని ఒకసారి గుడికి తీసుకురా. 1969లో రోము నుంచి అనుమతి వచ్చినప్పటి నుంచి మన దేశంలో చెప్పులు విడిచి, నేల మీద కూర్చుని, చేతులు జోడించి పూజలో పాల్గొనవచ్చు, క్రొవ్వొత్తుల బదులు నూనె దీపాలు వెలిగించవచ్చు, హారతి ఇవ్వవచ్చు. ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే గుణదల మాత ఉత్సవాలకి తీసుకెళ్తే ఇంకా మంచిది. అక్కడ తలనీలాలు ఇచ్చేవాళ్ళని, కొబ్బరికాయలు కొట్టేవాళ్ళని చూశాక, కూతురు ఏదో తెలియని దేశానికి వెళ్ళిపోవడం లేదని అమ్మకే తెలుస్తుంది.

ఒక్కచోట మాత్రం అమ్మకి నిజం చెప్పాలి. ఇంట్లో వ్రతానికి పీట మీద కూర్చోవడం నీ విశ్వాసంతో పొసగదు. దాన్ని తిప్పి తిప్పి చెప్పకు. కానీ ఆ రోజు తెల్లారుజామునే లేచి పులిహోరకి చింతపండు పిసికిపెట్టడం, వచ్చిన ముత్తయిదువలకి మంచినీళ్ళివ్వడం పొసగుతుంది. ఇంటి పని నుంచి తప్పుకోకు. నువ్వు దూరమవలేదని అమ్మకి మాటలకన్నా ఆ చింతపండే బాగా చెబుతుంది.

కాగితాల సంగతి ఒకటుంది, కొంచెం గట్టిగా చెప్పాలి. మీది ఎస్సీ కుటుంబమైతే ఇది తెలిసే అడుగు వెయ్యి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాత దానికి జరిగిన సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే. క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కిందకి వస్తారు, అక్కడ రిజర్వేషను 1 శాతం. మతం మారితే అంటరానితనం మాయమైపోతుందా? పోదు. అందుకే ఇది అన్యాయమని నేనంటాను, శ్రీసభ కూడా ఏటా ఆగస్టు 10న నిరసన తెలుపుతోంది. కానీ చట్టం ఈ రోజుకి అలాగే ఉంది. ఉద్యోగం, పిల్లల చదువు దీనితో ముడిపడి ఉంటే ముందు తెలిసిన లాయరుతో, ఇంట్లోవాళ్ళతో మాట్లాడు. ఈ సంగతి నీకు చెప్పకుండా ముందుకు తోసేవాళ్ళెవరైనా సరే, వాళ్ళ మాట పక్కన పెట్టు. గుడిలోనూ కులం చూసే మనుషులుంటారు, అదీ నీకు ముందే చెబుతున్నాను. అయినా 2022లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్ళలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటి కార్డినల్ ఆయనే. ఆ రోజు మా వీధిలో కొందరు ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకోవడం చూశాను.

జ్ఞానతల్లిగా ఎవర్ని పెట్టుకోవాలో ఇప్పటినుంచే చూసుకో. పదహారేళ్ళు నిండి, భద్రమైన అభ్యంగనం పొంది, విశ్వాసంలో నడిచే కథోలికురాలై ఉండాలి. జ్ఞానతండ్రి అయినా సరే, ఒక్కరైనా సరే, ఇద్దరైనా సరే. డబ్బున్నవాళ్ళని, ఫోటోలో బావుంటారని ఎవర్నీ పెట్టుకోకు. రాత్రి పదింటికి ఫోన్ చేస్తే విసుక్కోని మనిషిని పెట్టుకో. ఖర్చు గురించి బెంగొద్దు. దివ్యసంస్కారాన్ని ఎవరూ అమ్మరు. ఊరంతటికీ బిర్యానీ పెట్టమని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో.

తపస్సు కాలం వచ్చేసరికి నీలో ఏదో కదులుతుంది, చూస్తూ ఉండు. 2027లో విభూతి బుధవారం ఫిబ్రవరి 10న, పాస్క మార్చి 28న. తపస్సు కాలం మొదటి ఆదివారం బిషప్ గారి దగ్గర పేర్లు నమోదు చేసే విధి ఉంటుంది. మూడు, నాలుగు, అయిదు ఆదివారాల్లో మీకోసం ప్రత్యేక ప్రార్థనలు చేస్తారు. ఆ మూడు వారాల్లో చదివే సువార్తలు బావి దగ్గర సమరియా స్త్రీ, పుట్టుగుడ్డి, సమాధిలోంచి లేచిన లాజరు. మొదటిదాన్ని ఇంట్లోనే ఒకసారి నెమ్మదిగా చదువుకుని వెళ్ళు. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా నీళ్ళకి వచ్చిన ఆడమనిషి ఆమె. ఆమెతో ఏసు ఎంతసేపు మాట్లాడాడో చూడు. ఆ చివరి బెంచీలో నువ్వు గుర్తొస్తావు నాకు.

పాస్క జాగరణ రాత్రి సంగతులు చెబుతాను, రాసుకో. చీకటి పడ్డాకే మొదలవుతుంది, చాలాసేపు సాగుతుంది. బయట నిప్పు రాజేసి, దానితో పాస్క వత్తి వెలిగించి, చీకటి గుడిలోకి తీసుకెళ్తారు. అన్నీ చదివితే తొమ్మిది పఠనాలు. ఉపవాసం పేరుతో పొద్దుటి నుంచి ఏమీ తినకుండా వచ్చి కళ్ళు తిరిగి పడిపోకు. సత్ప్రసాదానికి గంట ముందు వరకు తినొచ్చు, మంచినీళ్ళకి ఆ నియమం కూడా లేదు. సాయంత్రం కాస్త పెరుగన్నం తిను. పట్టుచీర వద్దు, నీళ్ళూ మైనమూ పడతాయి. ముదురు రంగు నూలుచీర కట్టుకో. జడ వదులుగా వేసుకో. సంచీలో తువ్వాలు, పొడి జాకెట్టు, పిన్నీసులు, తెల్లచీర పెట్టి జ్ఞానతల్లి చేతికివ్వు. సైతానును విడనాడుతున్నావా అని, విశ్వసిస్తున్నావా అని అడిగినప్పుడు గొంతు పూడుకుపోతే కంగారుపడకు. ఎంత నెమ్మదిగా చెప్పినా చాలు. మూడుసార్లు నీళ్ళు. తర్వాత తెల్లని వస్త్రం, చేతిలో వెలిగించిన వత్తి, నుదుట పరిమళ తైలం. నీకు జ్ఞానస్నానం ఇచ్చిన గురువే అదే రాత్రి భద్రమైన అభ్యంగనమూ ఇస్తారు, అదే రాత్రి మొదటి సత్ప్రసాదం. ఆ వరుసలో నువ్వూ ఉంటావు. బెంచీ ఖాళీగా ఉంటుంది.

అప్పటిదాకా చేసిన పాపాలన్నీ జ్ఞానస్నానంతోనే పోతాయి గనుక ఆ రాత్రికి ముందు పాపసంకీర్తనం అక్కర్లేదు. తర్వాత ఎప్పుడైనా వెళ్ళాల్సి వస్తే, నువ్వు చెప్పింది ఫాదర్ గారు ఎవరికీ, ఎప్పటికీ చెప్పకూడదు. ఆ భయం తీసి గట్టున పెట్టు.

ఆ తర్వాత వారంలో ఒక దిగులు వస్తుంది. అన్నాళ్ళు అందరూ చుట్టూ ఉండి, ఒక్కసారిగా ఎవరి పనిలో వాళ్ళు పడిపోయినట్టనిపిస్తుంది. నా జ్ఞానపిల్లల్లో ఇద్దరికి వచ్చింది. అందుకే శ్రీసభ పెంతెకోస్తు దాకా 50 రోజులు మీకోసం ఉంచింది. అవి ఎగ్గొట్టకు. జపమాల బృందంలో చేరు, కోయిర్లో చేరు, గుడి ఊడ్చే వంతు అడిగి తీసుకో. చేతికి పని ఉన్నచోట మనం త్వరగా మన ఇల్లనుకుంటాం.

ఇదిగో, టీ మళ్ళీ చల్లారింది, వేడి చేసి తెస్తానుండు. ఈ ఆదివారం పూజ కాగానే చెప్పుల దగ్గరికి పరుగెత్తకు. ఫాదర్ గారు గుమ్మం దగ్గర అందరినీ పలకరిస్తూ కాసేపు నిలబడతారు. వెళ్ళి ఆ ఒక్క మాట అడుగు. నేను నీ పక్కనే ఉంటాను.